మాఫీల ప్రయాణం

నిన్న మా నాన్న పేరున ఒక పార్సెల్ వచ్చింది. అమ్మానాన్నలు ఈసారి హజ్‌కి వెళ్తున్నారు. ప్లాస్టిక్ సంచిలో అక్కడ మగవాళ్ళు కట్టుకోవాల్సిన రెండు తెల్లగుడ్డలు, నడుముకి జేబుల బెల్టు, మెడలో వేలాడే చిన్న సంచి, వాసన లేని సబ్బు, అన్నీ ఒకే కట్టలో ఉన్నాయి. గుడ్డ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే ప్లాస్టిక్ వాసనే తప్ప ఇంకేమీ లేదు. మా నానా, అంటే అమ్మ వాళ్ళ నాన్న, కట్టుకెళ్ళిన గుడ్డ గంజి వాసన వేసేది. చీరాల నుంచి తాను తెప్పించి, తెనాలిలో మా డాబా మీద కొలిచి చింపి, ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ అది.

నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. వేసవి సెలవులు. పక్కింటి డాబా మీద వడియాలు, మా డాబా మీద మామిడి ముక్కలు, వాటి మధ్య ఖాళీలో మా నానా ఆ గుడ్డలు కట్టుకోవడం నేర్చుకుంటూ ఉండేవాడు. పంచె కట్టడం పుట్టుకతో వచ్చిన విద్య, ఇందులో నేర్చుకునేదేముంది అని బోర విరుచుకునేవాడు గానీ, కుట్టు లేని ఆ గుడ్డ నాలుగడుగులు వేసేసరికి జారేది, మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. మా నానీకి, అంటే అమ్మమ్మకి, నడక అలవాటు కావాలని సాయంత్రాలు నీళ్ళ ట్యాంకు చుట్టూ తిప్పేవారు, ఆవిడ వెనకాల ఆవిడ కొంగు పట్టుకుని నేను, నా చొక్కా పట్టుకుని తమ్ముడు రైలుబండిలా తిరిగేవాళ్ళం. కొత్త చెప్పులు అక్కడ కరవకుండా ఇక్కడే అరగాలని ఆవిడ వాటితోనే బజారుకెళ్ళేది. బియ్యం, కందిపొడి, గింజలు తీసిన చింతపండు, మైనంతో మూతి మూసిన గోంగూర పచ్చడి సీసా, చిన్న కిరసనాయిలు స్టవ్వు, ఇవన్నీ రేకుపెట్టెలోకి ఎక్కాయి. పెట్టె మీద బోర్డులు రాసే ఆయన చేత పేర్లు రాయించి, గుంపులో గుర్తుపట్టడానికి దాని పిడులకి ఎర్రగుడ్డ కట్టారు.

పెట్టె సర్దడం తేలికైన పని. హజ్‌కి వెళ్ళేముందు తెలిసినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, 'నేనన్న మాట, మీరు పడ్డ మాట ఏమన్నా ఉంటే మాఫీ చెయ్యండి' అని అడగాలి. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే క్షమించాలి, దేవుడు కల్పించుకోడని నానీ గట్టి నమ్మకం. ఆ మాఫీలు అందకపోతే తన హజ్ సగమే అనుకునేది. అందుకని నన్ను తోడు తీసుకుని ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. బాపట్లలో వాళ్ళ తమ్ముడి ఇంట్లో, వేమూరులో పాత స్నేహితురాలి ఇంట్లో, తెనాలిలో వీధి వీధంతా, నానీ మాట పూర్తికాకముందే అందరూ చేతులు పట్టుకుని, "అయ్యో, మీరు మమ్మల్ని అడగటవేంటండీ" అని కళ్ళు తుడుచుకుని, టీలు ఇచ్చి పంపేవాళ్ళు. నాకు ప్రతి ఇంట్లో బిస్కెట్లు దొరికేవి గనక ఈ ఏర్పాటు బాగానే ఉండేది.

చివరికి మిగిలింది రేపల్లె. మా అమ్మ చిన్నతనంలో నానీ వాళ్ళు అక్కడే ఉండేవారు. గోడకి అటుపక్క కోటేశ్వరమ్మగారు, రైతు కుటుంబం, పిల్లల్లేరు. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. ఒకరోజు కుళాయి దగ్గర మా అమ్మ ఆడుకుంటూ ఆవిడ బిందె తన్నేసిందట. ఆవిడ కసిరితే నానీ నోరు జారి, "నువ్వు కని పెంచితే తెలిసేది నీకు" అన్నదట. కోటేశ్వరమ్మగారు ఖాళీ బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ మాటలు కలిశాయి, పండక్కి సేమ్యా అటూ, ఆవకాయ ఇటూ తిరిగాయి, వీళ్ళు తెనాలికి మారాక కూడా రాకపోకలు ఆగలేదు. కానీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

రేపల్లె బండి దిగి ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నానీ పక్కనే కూర్చుని అందరినీ అడిగినట్టే అడిగింది. ఆవిడ చేతులాపి, "ఏ మాటకి?" అంది.

నానీ తల దించుకుంది. ఆ కుళాయి దగ్గరి మాటే మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా.

"మాఫీ ఇవ్వను వదినా," అంది కోటేశ్వరమ్మగారు. "అందరి దగ్గరా తెంపేసుకుని వచ్చావుగా. ఇది కూడా ఇచ్చేస్తే ఇంక నీకిక్కడ పనేముంటది? ఇది నా దగ్గరుంచుతా. తిరిగొచ్చి తీసుకో."

బండిలో నానీ ఏడుస్తూనే ఉంది. నాకు కోటేశ్వరమ్మగారి మీద ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక నానా, "అడగటం వరకే నీ వంతు, ఊరుకో" అన్నాడు గానీ నానీ ఊరుకోలేదు, మద్రాసులో విమానం ఎక్కడానికి తెనాలి స్టేషన్‌లో రైలెక్కేదాకా, మెడలో పూలదండలు వాడిపోతున్నా, "రేపల్లెది ఉండిపోయిందే" అని మా అమ్మతో అంటూనే ఉంది.

హజ్‌లో అక్కడి ఎండకి నానీ పడిపోయింది. ఆసుపత్రిలో ఉందని పక్కింటికి ఫోనొస్తే అమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ నేల మీద ప్రాణం పోతే అదృష్టం అంటారు, పక్క మంచాల మీది ముసలమ్మలంతా దాని కోసమే చేతులెత్తి అడుగుతున్నారట. నానీ మాత్రం, "నాకొద్దు స్వామీ, రేపల్లెలో పనుంది" అని తెలుగులోనే మొరపెట్టుకుందట. ఈ సంగతి తర్వాత నానా చెప్పి, ఉర్దూలో అడిగితే ఏం పోయిందని విసుక్కునేవాడు.

తిరిగొచ్చాక చూడవచ్చిన జనాన్ని ఇంట్లో వదిలేసి, అక్కణ్ణించి తెచ్చిన పవిత్రమైన జంజం నీళ్ళ సీసా, ఖర్జూరాలు పట్టుకుని నానీ నన్ను తోడు తీసుకుని రేపల్లె బండెక్కింది. కోటేశ్వరమ్మగారు ఎదురొచ్చి, "ఎంత చిక్కిపోయావే" అంది. ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని తాగింది. "ఇచ్చాను పో" అంది. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు, ఎందుకో తెలియకపోయినా నేనూ ఏడ్చాను.

ఇప్పుడు నానా, నానీ లేరు, కోటేశ్వరమ్మగారూ లేరు. రేకుపెట్టెల బదులు చక్రాల సూట్‌కేసులు, అక్కడే భోజనాలు కనక స్టవ్వు, బియ్యం అక్కర్లేదు. ఇవాళ పొద్దున అమ్మ వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టింది, ఎవరో పంపినదే, తెలిసో తెలియకో బాధపెట్టి ఉంటే క్షమించమని, చుట్టూ పూలబొమ్మలతో. టిఫిన్ అయ్యేలోపు దండాలూ బొటనవేళ్ళూ వచ్చిపడ్డాయి. ఏ మాటకి అని ఒక్కరూ అడగలేదు.

"హమ్మయ్య, ఆ పనైపోయింది" అని అమ్మ ఫోను పక్కన పెట్టేసింది. అమ్మ కచ్చితంగా తిరిగి రావాలని, మాఫీ ఇవ్వనని మొండికేసే మనిషి తెనాలిలో గానీ బాపట్లలో గానీ ఇంకెవరున్నారా అని ఆలోచించాను. ఒక్కరూ తట్టలేదు, భయమేసింది.