మా గుమ్మం మీద కూర్చున్న ఎదురింటి అత్త

నా చిన్నప్పుడు, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మేముండగా, ఒక ఎండాకాలం రైళ్లు ఆగిపోయాయి. వర్క్‌షాపు కూత పొద్దున్నే ఎప్పటిలాగే కూసేది గానీ, దాని వెంట సైకిళ్ల గంటలు వినిపించేవి కావు. మా క్వార్టర్ల లైనులో మగవాళ్లంతా సమ్మెలో ఉన్నారు. మా నాన్న ఒక్కడే పనికి వెళ్లాడు.

ఎందుకు వెళ్లాడో నాకు చాలా కాలం తర్వాత గానీ తెలియలేదు. అమ్మ అప్పుడే తమ్ముణ్ణి కని మంచం మీద ఉంది. సమ్మె చేసేవాళ్ల క్వార్టర్లు ఖాళీ చేయిస్తారన్న మాట లైనంతా పాకింది. పచ్చి బాలింతను తీసుకుని ఎక్కడికి పోవాలని నాన్న భయపడ్డాడట. పనికి వెళ్లినవాళ్లు బయటికొస్తే కొడతారని వాళ్లను అధికారులు రాత్రీ పగలూ వర్క్‌షాపు లోపలే ఉంచేశారు. ఇంట్లో అమ్మా, నేనూ, కళ్లు సరిగా తెరవని తమ్ముడూ మిగిలాం.

మొదట కుళాయి దగ్గర నా బిందెను ఎవరో పక్కకు తన్నేశారు. రోజూ నాకు జడ వేసే పక్కింటి అక్క మొహం తిప్పుకుంది. పాలవాడు మా గుమ్మం దాటి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంటి పెంకుల మీద రాళ్లు పడడం మొదలైంది. రాయి పడి, దొర్లి, చూరు దగ్గర ఆగేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఇంతలో అమ్మకు జ్వరం వచ్చింది. పాలు పడక తమ్ముడు ఏడ్చి ఏడ్చి, ఒక మధ్యాహ్నం ఏడుపు కూడా మానేశాడు. రాళ్ల చప్పుడు కంటే ఆ నిశ్శబ్దానికే నేను ఎక్కువ భయపడ్డాను.

అప్పుడే ఎవరో తలుపు తట్టారు. సందులోంచి చూస్తే ఎదురింటి అత్త. గడియ తియ్యకుండా నిలబడ్డాను. మా లైనులో ఉన్న ఒకే ఒక్క క్రైస్తవ కుటుంబం వాళ్లది. ఆ ఇంటి మామయ్య సమ్మెలో ముందు నిలబడ్డ మనిషి. ఆ వారంలోనే ఆయన్ను జైలుకు తీసుకెళ్లారు. మా మీద అందరికంటే ఎక్కువ కోపం ఆవిడకే ఉండాలి. తిట్టడానికే వచ్చిందనుకున్నాను.

"తలుపు తియ్యే పిల్లా, సెయ్యి కాలిపోతంది," అంది.

చేతిలో ఉన్నది గంజి గిన్నె. అమ్మను లేపి, తన భుజానికి ఆనించుకుని, కొంచెం కొంచెంగా తాగించింది. ఒళ్లంతా తడిగుడ్డతో తుడిచింది. అమ్మ ఏడుస్తూ, "ఒదినా, మీ ఇంట్లోనే గింజలు లేవు గదా," అంది.

"ఉన్నకాడికే తెచ్చినాను. ఆకలిగా ఉన్నోలికి పెట్టమన్నాడు ప్రభువు. ఆల మొగుడు పనికెల్లినాడా మానినాడా అడిగి పెట్టమన్నేదు," అంది అత్త.

కాసేపటికి తమ్ముణ్ణి అమ్మ రొమ్ముకు పట్టించింది. చాలాసేపు వాడు నోరు కదపలేదు. చివరికి చప్పరించడం వినిపించాక, అత్త కళ్లు మూసుకుని పెదవులు కదిపింది.

ఎండ ఇంకా తగ్గకముందే మా ఇంటి ముందు గుంపు చేరింది. సామాను బయట పారెయ్యమని ఎవరో అరిచారు. అత్త తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని వెళ్లి గుమ్మం మీద కూర్చుంది. నేను ఆవిడ వీపు వెనక నక్కాను. ఒక బెంగాలీ ఆయన, "దీదీ, హట్ జాయియే," అంటూ పక్కకు తప్పుకోమని చెయ్యి ఊపాడు. మా లైనులోని తెలుగాయన ఒకడు ముందుకొచ్చి, "ఒదినా, అన్న జైల్లో ఉంటే నువ్వు ఈల గుమ్మంలో కూకున్నావేటి?" అన్నాడు.

"మీ అన్న జైలుకెల్లింది పిల్లల కడుపు కోసమే గదా. ఈ పిల్లలు మాడిపోతే ఆయన ఒప్పుకుంటాడేటి? లోనకెల్లాలంటే నన్ను దాటి ఎల్లండి."

వెనక నుంచి ఒక రాయి వచ్చి ద్వారబంధానికి తగిలింది. అత్త తమ్ముడి మీదకు వంగిపోయింది గానీ లేవలేదు. ఆవిడ వీపు నా చెంపకు ఆని ఉంది. అది వణుకుతోంది. రవిక చెమటతో తడిసిపోయింది.

"ఎవడ్రా అది? సంటోడున్నాడు, కనబడ్డం లేదేటి?" అని ఆ తెలుగాయనే వెనక్కి తిరిగి అరిచాడు. గుంపు వెనక్కి తగ్గింది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

సమ్మె ముగిశాక మామయ్య జైలు నుంచి వచ్చాడు గానీ ఆయన ఉద్యోగం తిరిగి రాలేదు. అత్తతో లైనులో చాలామంది మాటలు మానేశారు. నాన్న వాళ్ల వాకిట్లోకి వెళ్లి నిలబడితే, మామయ్య స్టూలు జరిపి, "కూకో," అన్నాడు. కొన్నాళ్లకు వాళ్లు క్వార్టరు వదిలి శ్రీకాకుళం వైపు వెళ్లిపోయారు. వెళ్లేముందు, ఆ రోజు నీకు భయం వెయ్యలేదా అని అత్తను అడిగాను.

"ఎందుకెయ్యదే? ప్రార్థన సేసినా తగ్గనేదు. తగ్గీదాకా ఇంట్లో కూకుంటే నీ తమ్ముడు ఉండీవోడేటి?" అంది.

నేను వాళ్ల మతంలో చేరలేదు. మా ఇంట్లో మా దేవుళ్లే ఉన్నారు. నాకూ అత్త వయసు వచ్చింది, దాటింది కూడా. నలుగురూ వెలివేసిన ఇంటికి గిన్నె పట్టుకుని వెళ్లాల్సి వచ్చినప్పుడు ఇప్పటికీ నా ఒళ్లు వణుకుతుంది. వణుకుతూనే వెళ్తాను.