ఎడమచేతికి మార్చిన గిటారు

బచేలిలో మా ఇంట్లోకి ఎర్రబట్టలు రావు. ఇనుప గని నుంచి వచ్చిన మనిషి పెరట్లోనే యూనిఫాం విప్పి, విడిగా పెట్టిన బకెట్‌లో వెయ్యాలి. ఈ చట్టం నాదే. బట్టలకంటుకునే ఆ ఎర్రధూళిలో ఉండేది ఇనుము. ఎన్నిసార్లు ఉతికినా గుడ్డలోంచి పూర్తిగా పోదు. నేనేమో మోటార్లకు వైండింగు చేసే మనిషిని, ముందుగదే నా షాపు. రాగితీగ చుట్టేచోట ఆ ధూళి పడితే మోటారు నెల తిరక్కుండా మళ్లీ నా దగ్గరికే వస్తుంది. అందుకే మా ఆయన ఎప్పుడైనా మర్చిపోయి యూనిఫాంతో గడప దాటాడంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

పని లేనప్పుడు బేస్ గిటార్లు చేస్తుంటాను. ఒకసారి ఎవరో మూగబోయిన గిటారు తెస్తే విప్పి చూశాను. తీగెల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ, అంతే. ఈ మాత్రం నాకు రాదా అనుకున్నాను. ఆ పొగరుతోనే పాత టేకు తలుపు కోసి మొదటి గిటారు చేసుకున్నాను. అది ఇప్పటికీ షాపు గోడకి ఉంది.

నా గిటార్లకు వంకలు పెట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. మా ఆయనతో గనిలో పనిచేస్తాడు, సొంతూరు శబరి ఒడ్డునున్న కొంటా. ఆదివారం చర్చిలో బేస్ వాయించేవాడు. ఏది చేసినా ఒళ్లో పెట్టుకుని వాయించి చూసి, మెడ బరువైందనో, మెడ మీది మూడో మెట్టు దగ్గర తీగె గరగరలాడుతోందనో అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ అతను చెప్పింది నిజమయ్యేది కాబట్టి, నాలుగు మాటలు అని, మళ్లీ సరిచేసేదాన్ని.

వానాకాలం ముందు వాళ్లింట్లో ఇంజను ఆపకుండా బండి చైన్ తుడుస్తుంటే అతని ఎడమచేతి నడిమివేలు, ఉంగరపువేలు పోయాయి. మెట్ల మీద తీగెలు నొక్కే చెయ్యి అది. ఆ తర్వాత షాపుకి వచ్చినా ఏదీ ముట్టుకునేవాడు కాదు. ఏం చూపించినా "బాగుందక్కా" అనేవాడు. ఆ మాట వింటే నాకు భయమేసేది.

దీపావళి వెళ్లాక ఒకరోజు గిటారు సంచి పట్టుకుని వచ్చాడు.

"ఏందక్కా, ఎడమచేత్తో వాయించేటోళ్లకు వేరే గిటార్లుంటయంట గదా. దీన్ని అట్ల మార్చగలవా?"

కుడిచేత్తో నొక్కి, ఎడమచేతికి మిగిలిన వేళ్లతో మీటుతాడట. చీపురుకర్ర మీద వేళ్లు అలవాటు చేసుకుంటున్నాడని వాళ్లావిడ అంతకుముందే నాకు చెప్పింది. ఆదివారానికి ఇస్తానన్నాను. అతను తల వంచుకునే అన్నాడు:

"ఈ ఆదివారం అయితే వాయిస్త. కాకపోతే కొంటాల మా అన్న కొడుక్కి ఇచ్చేస్తనక్కా. మళ్ల మళ్ల మనసు గట్టిజేసుకునుడు నాతోని కాదు."

తీగెల వరస తిప్పాను. మెడ చివర తీగెలు కూర్చునే ఎముకపట్టీకి ఒక్కో తీగెకీ కొత్త గాడి కోశాను. వానల చెమ్మకి పికప్ పాడైపోయి ఉంటే పాత తీగ తీసేసి కొత్తది చుట్టాను. శనివారం మధ్యాహ్నానికి అయిపోయింది. మీటరు పెట్టి చూస్తే రీడింగు చక్కగా వచ్చింది. పికప్‌ని బల్ల మీద ఒక గుడ్డ పరిచి పెట్టి, అన్నం తినడానికి వెళ్లాను.

తిరిగొచ్చి చేతిలోకి తీసుకుంటే అయస్కాంతాలకు మీసాలు మొలిచినట్టు ఎర్రటి నూగు. గుడ్డ తిరగేసి చూశాను. మా ఆయన పాత యూనిఫాం చొక్కా. చేతులు తుడుచుకోవడానికి ముక్కలు చేసింది నేనే.

గోధుమపిండి ముద్దతో అద్ది అద్ది చాలావరకు తీశాను. తీగ చుట్ల మధ్య కొంత ఇరుక్కుంది. వదిలేసినా సరిపోయేదేమో. నాకు ఓపిక ఏది? పట్టకారుతో గీకబోయాను, జారింది, లోపలి చుట్లు తెగాయి. మీటరులో ఏమీ రాలేదు. మళ్లీ చుట్టడానికి అంత సన్నటి తీగ నా దగ్గర మిగల్లేదు, జగదల్‌పూర్ నుంచి తెప్పిస్తే సోమవారం గాని రాదు. ఆ చొక్కా ఇంట్లో ఎందుకుందని మా ఆయన మీద అరిచాను. ఆయన అంతా విని, శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్నాడు. ఇంకో రోజైతే ఊరుకునేదాన్ని కాదు.

గోడ మీది నా గిటారు దించి, పికప్ ఊడదీశాను. అది కాస్త పెద్దది. అతని గిటారులో పికప్ కూర్చునే గుంటని ఉలితో వెడల్పు చెయ్యాలి. ఒక్క దెబ్బ పక్కకి పోతే చెక్క చీలుతుంది, అదొక్కటే అతని గిటారు. ఒక్కో దెబ్బకీ ఊపిరి బిగబట్టి, చీకటి పడకముందే కూర్చోబెట్టాను.

ఆదివారం ప్రార్థనకి గంట ముందే వచ్చాడు. జరిగిందంతా చెప్పేశాను. గోడకున్న నా గిటారు వైపు, దాని ఖాళీ గుంట వైపు చూశాడు. కూర్చుని వాయించాడు. కుడిచేతి వేళ్లు ఒకసారి ఒక మెట్టు ముందు, ఇంకోసారి ఒక మెట్టు వెనక పడ్డాయి. నాలుగు స్వరాలు కూడా వరసగా రాలేదు. ఆపేశాడు.

"బాగుందక్కా," అన్నాడు.

సంచిలో పెట్టి జిప్పు లాగాడు. గుమ్మం దాకా వెళ్లి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. నాకు ఆ గిటారు ఎక్కి వెళ్లిపోయే కొంటా బస్సే కళ్లముందు మెదిలింది.

చెప్పులు విడిచి మళ్లీ లోపలికొచ్చాడు. సంచి విప్పి, ఒకే తీగెని మూడుసార్లు మీటాడు, చెవి దగ్గర పెట్టుకుని.

"లావుతీగె గరగరమంటాంది. గాడి లోతుగ కోసినవ్. చూసుకోలేదా ఏంది?"

ఏడుపొచ్చింది నాకు. కనబడకుండా గిటారు లాక్కుని, నాకు పని నేర్పుతున్నావా అని కసిరి, ఎముకపట్టీ కింద ఎత్తుకి పెట్టడానికి కాగితం ముక్క వెతికాను. ఇంకో మడత పెట్టమని నా వెనకే నిలబడి చెబుతున్నాడు.