నిండుకున్నవి

ఫాక్స్‌ప్రో అనే కంప్యూటర్ భాష ఒక్కటి వస్తే ఉద్యోగాలే మన ఇల్లు వెతుక్కుంటూ వస్తాయని మా ఇన్‌స్టిట్యూట్ మాస్టారు అనేవారు. బస్టాండు ఎదురుగా, ఎరువుల కొట్టు మీద మేడగదిలో నడిచేది అది. మూడు కంప్యూటర్లు, పదకొండు మందిమి. చెప్పులు బయటే విప్పి లోపలికి వెళ్లాలి. గోడ మీద ఆయన సొంతంగా గీసిన చార్టు ఉండేది. కింద ఫాక్స్‌ప్రో అని రాసి, అక్కడినుంచి గీతలు పైకి లాగారు. ఒక గీత రైసుమిల్లుకి, ఒకటి బ్యాంకుకి, ఒకటి ఆసుపత్రికి, ఒకటి హైదరాబాదుకి. అన్నిటికన్నా పైన ఒక విమానం బొమ్మ. లెక్కలతో డిగ్రీ పాసై, టైపు లోయరు గట్టెక్కి, ఇంట్లో సంబంధాల కబుర్లు వింటూ కూర్చున్న నాకు ఆ చార్టు దేవుడి పటంలా కనిపించేది. ఇరవై రెండేళ్లదాన్ని. పొగరు కూడా వయసుకి తగ్గట్టే ఉండేది.

కోర్సు అయిపోగానే మాస్టారు నన్ను ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రికి పంపించారు. మా ఊరికి బస్సులో అరగంట. అక్కడి మందుల గదికి స్టాకు ప్రోగ్రాం రాయాలి. ఏ మందు ఎంత ఉందో, ఏది తెప్పించాలో వారం వారం కంప్యూటరే లిస్టు ఇవ్వాలి. "ఇది పనిచేస్తే హైదరాబాదులో మావాళ్లకి ఉత్తరం రాస్తానమ్మా" అన్నారు మాస్టారు. ఆ ఉత్తరం కోసం నేను ఏం చెయ్యడానికైనా సిద్ధంగా ఉన్నాను. ఈ మాట ఊరికే అనడం లేదు.

మందుల గది ఒక పెద్దాయన చేతిలో ఉండేది. ముప్ఫై ఏళ్లుగా ఆ తాళాలు ఆయన మొలతాడుకే వేలాడుతున్నాయట. గుండ్రటి అక్షరాలతో తెలుగులో రిజిస్టరు రాసేవారు. ఉన్న మందుకి ఎదురుగా అంకె. కొన్నిటికి మాత్రం అంకె ఉండదు, 'నిం' అని ఒక ముక్క, పక్కన చుక్క. నాకన్నా నలభై ఏళ్లు పెద్ద, అయినా నన్ను అమ్మాయిగారూ, మీరు అనేవారు. ఏదైనా అడిగితే మొదటినుంచీ చెప్పుకొచ్చేవారు. ఒక మందు పేరు అడిగితే దాన్ని తెచ్చిన కంపెనీవాడి పెళ్లి దాకా వెళ్లేది కథ. నాకు ఒళ్లు మండేది. అందుకే అడగడం మానేశాను.

'నిం' గురించి కూడా అడగలేదు. నిండు అనుకున్నాను. బీరువాలో దాని అర నిండుగా ఉంది కాబట్టి లెక్కపెట్టలేదు కాబోలు అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. 'నిం' ఉన్న ప్రతి మందుకీ కంప్యూటర్లో F అని కొట్టాను. ఫుల్. F ఉన్నది లిస్టులోకి రాకూడదని ఒక లైను రాశాను. ఆ లైను చూసుకుని నాలో నేనే మురిసిపోయాను కూడా.

కార్తీకం వెళ్లింది. కోతలకి ముందు చేలల్లో నీళ్లు తీసేశారు. నీళ్లు పోతే ఎలకలు బయటపడతాయి, ఎలకల వెనకాలే పాములు. బస్సు కిటికీలోంచి గట్ల మీద చచ్చిన పాముల్ని రోజూ చూసేదాన్ని. డాక్టరుగారు చేతిరాత లిస్టు ఆపించేశారు. ఇకనుంచి మిషను ఏం చెబితే అదే తెప్పించాలన్నారు. మొదటి వారం లిస్టు పొట్టిగా వచ్చింది. రెండోవారం ఇంకా పొట్టిగా వచ్చింది.

పెద్దాయన ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అమ్మాయిగారూ, పాముకాటు ఇంజెక్షను ఇందులో రాలేదండి. కోతలొచ్చేస్తున్నాయి కదండీ."

నేను తల ఎత్తలేదు. ఇంకో ప్రోగ్రాంలో ఉన్నాను.

"నిండుకున్నాయండి అవి" అన్నారు మళ్లీ.

"అందుకేనండి రాలేదు" అన్నాను.

ఆయన ముందుకు వంగారు. నా భుజం మీదుగా తెరకేసి చూశారు. "డాక్టరుగారికి ఓ మాట చెప్పమంటారా?"

"అక్కర్లేదండి. కంప్యూటర్ మనలాగా మర్చిపోదు."

"అలాగేనండి" అన్నారు. ఆ కాగితాన్ని కిటికీకి వేలాడే ఇనుప తీగకి గుచ్చి వెళ్లిపోయారు. ఆయన గొంతులో ఏదో తేడా ఉందని అప్పుడే అనిపించింది. పట్టించుకోలేదు.

తర్వాత వారం ఒక పొద్దున్న నేను జడ వేసుకుంటున్నాను. అమ్మ వంటింట్లోంచి నాన్నను కేకేసింది. "ఏవండీ, బియ్యం నిండుకున్నాయి. మధ్యాహ్నానికి కావాలి, తెప్పించండి."

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట. ఇంట్లో ఏది అయిపోయినా మా అమ్మ లేవు అనదు, నిండుకున్నాయంటుంది. పసుపైనా అంతే, నూనైనా అంతే. ఇంటికి మంచిది కాదని. మందుల గదికి కూడా మంచిది కాదని ఆ పెద్దాయన అనుకుని ఉంటారు. ఆయన నా మొహం మీదే చెప్పారు. తెలుగు పిల్లనై ఉండి ఆ మాటని ఇంగ్లీషులో విన్నాను.

టిఫిన్ తినకుండా బస్సెక్కాను. ధాన్యం ట్రాక్టరు ఒకటి ముందు వెళుతోంది, దాని వెనకే మా బస్సు నత్తనడక. రెండుపక్కలా కోత కోస్తున్న ఆడవాళ్లు. ఎవరైనా నడుం ఎత్తి నిలబడితే చాలు, పాము కరిచిందేమోనని కిటికీలోంచి తల బయటపెట్టి చూసేదాన్ని. దిగి పరుగెత్తుకుంటూ వెళ్లి, మందుల బీరువా తెరిపించాను. పాముకాటు ఇంజెక్షన్లుండే అరలో ఒక్కటీ లేదు. తుడిచి, కాగితం పరిచి, శుభ్రంగా ఉంది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. కూర్చుని ఆ లైను సరిచేశాను. ప్రింటరు కరకరమంటూ పొడుగాటి లిస్టు తీసింది. పైనే పాముకాటు ఇంజెక్షను. పెద్దాయన చూసి "ఇప్పుడు బాగా వచ్చిందండి" అని సంతోషించారు. మనిషిని వెంటనే రాజమండ్రి పంపించారు. సాయంత్రానికి వచ్చేస్తాయి. ఈ ఒక్క పూటా గడిస్తే చాలని గోడమీది వెంకటేశ్వరస్వామి క్యాలెండరుకేసి చూస్తూ కూర్చున్నాను.

మిట్టమధ్యాహ్నం ఒక ట్రాక్టరు ఆసుపత్రి ముందు ఆగింది. అందులో పనలు కట్టే ఆడమనిషి. పాదం పైన గడ్డితాడుతో బిగించి కట్టారు. కళ్లు మూతలు పడిపోతున్నాయి. ఆవిడ మొగుడు రెండు చేతులతో మోసుకొచ్చాడు. డాక్టరుగారు ఇంజెక్షను అని కేకేశారు.

పెద్దాయన బీరువా ముందు నిలబడి ఉన్నారు. ఆ గదిలో ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. ఆవేళ అన్నారు.

"లేదండి."

కారులో రాజమండ్రి తీసుకెళ్లారు. దారిలో జొన్నాడ వంతెన దాటకముందే ప్రాణం పోయిందని సాయంత్రం తెలిసింది. ఇంజెక్షన్లు తెచ్చిన మనిషి అప్పుడే బస్సు దిగి పెట్టె లోపల పెడుతున్నాడు.

మర్నాడు డాక్టరుగారు మా ఇద్దరినీ పిలిచారు. "అయిపోయిందని మిషను చెప్పిందా, చెప్పలేదా?" అని నన్నే అడిగారు.

"చెప్పిందండి" అన్నాను. ముందురోజు సరిచేసిన లిస్టు తెర మీదికి తెచ్చి చూపించాను కూడా. మొదటి పేరే అది. అందులో అబద్ధం ఏమీ లేదు.

డాక్టరుగారు ఆయనవైపు తిరిగారు. ఆయన నావైపు చూశారు, ఎంతోసేపు కాదు. "నేనే చూసుకోలేదండి" అన్నారు. తాళాలు ఆ వారంలోనే వేరేవాళ్ల చేతికి వెళ్లాయి.

వెళ్లే రోజున ఆ ఇనుప తీగ విప్పి, పాత లిస్టులన్నీ మడతపెట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆ ఇంజెక్షను పేరు లేని లిస్టులు. "ఇవి మీ దగ్గరే ఉంచుకోండి అమ్మాయిగారూ. ఇంకెవరి చేతిలోనైనా పడితే బాగోదండి" అన్నారు. ఆయనకి అంతా తెలుసు. నాకు సిగ్గేసింది. కానీ కాగితాలు తీసుకున్నాను, సంచిలో పెట్టుకున్నాను.

మాస్టారు ఉత్తరం రాశారు. నెల తిరిగేసరికి హైదరాబాదులో, ఏసీ గదిలో, టై కట్టుకున్న ఒకాయన ఎదురుగా కూర్చున్నాను. ఆసుపత్రి ప్రోగ్రాం ఆయనకి బాగా నచ్చింది. ఇంత చిన్న వయసులో నిజంగా వాడుతున్న ప్రోగ్రాం రాశారే అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు మీదే ఆ ఉద్యోగం, దాని మీద తర్వాతవి, ఇన్నేళ్ల నా బతుకంతా నిలబడింది.

చివరికి ఫైలు మూస్తూ అడిగారు. "దీంట్లో ఎప్పుడైనా తప్పు వచ్చిందా అండి?"

కాగితాలు నా ఒళ్లోని సంచిలోనే ఉన్నాయి.

"లేదండి" అన్నాను.