క్లచ్ బిగించుకుని కాసాయ్ దాటిన రోజు

మంగళవారం ఉదయం ఏడు ఇరవైకి ఝపటాపూర్‌లో మా ఇంటి ముందు కారు స్టార్ట్ చేశాను. బెంగాలీ ఊళ్ళో తెలుగు రైల్వేవాళ్ళ పేట మాది. వెళ్ళవలసింది మిడ్నాపూర్. ఎంతో దూరం కాదు, కాసాయ్ నదికి అవతలి ఒడ్డు. దారి ఖాళీగా ఉంటే ముప్పావు గంట. అయినా ఆ రోజు నాకు కాశీ ప్రయాణమంత అయింది. నాకు చదువు రాదు, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఎదురింటి టీచరమ్మ రాసిపెడుతోంది. మా వైపు నుంచి మిడ్నాపూర్ ఆస్పత్రికి ఇంటి మనుషుల్ని తీసుకెళ్ళే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకైనా పనికొస్తుందని చెబుతున్నాను.

పక్క సీట్లో కూర్చున్నది మా వదిన నూకాలమ్మ, నా భర్తకు అక్క. ఆవిడకు మూత్రపిండాలు పాడై రెండేళ్ళయింది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, మిషను మీద రక్తం కడగాలి. తొమ్మిదింటికి ఆవిడ వంతు. తొమ్మిదీ పావు దాటితే ఆ కుర్చీ వేరే వాళ్ళకు ఇచ్చేస్తారు, ఇక శుక్రవారం దాకా లేదు. పోయిన నెల నాకు జ్వరం వచ్చి ఒక్కసారి తప్పింది. మూడో రోజుకల్లా పడుకుంటే ఊపిరి ఆడక, కూర్చునే బతికింది.

లోకల్ రైలుంది కదా అంటారు. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మారే మెట్లు ఆవిడ ఎక్కలేదు. అందుకే కారు. అది మా ఆయనది, పాతది. షుగరు వల్ల ఆయనకు చూపు తగ్గినప్పుడు రైల్వే గ్రౌండులో నాకు నేర్పాడు. ఆయన పోయి ఏడాదిన్నర. అప్పటి నుంచి స్టీరింగు నాదే.

రెండు వారాలుగా క్లచ్ పెడల్ మరీ వదులైపోయింది. నేలకు ఆనేదాకా తొక్కినా గేరు కరకరమంటూ పడేది. ఆదివారం సాయంత్రం సింహాచలం వచ్చాడు. ఆయనా మా ఆయనా వర్క్‌షాపులో ఒకే గ్యాంగు, రైలు పెట్టెల కింద బ్రేకు రాడ్లు చూసే పని. రిటైరయ్యాడు కానీ పానా వదలలేదు. బానెట్ ఎత్తి క్లచ్ కేబుల్ బిగించి, చెయ్యి తుడుచుకుంటూ, "ఇప్పుడు సూడప్పా. వదులన్నది నేకుండా సేసినాను. కాలు అలా ఆనిస్తే సాలు," అన్నాడు.

నేను తొక్కి చూశాను. కాలు పెట్టగానే బరువు తగులుతోంది. బండి కదలాలంటే కాలు దాదాపు పూర్తిగా పైకి తీయాలి, అప్పటికి నా మోకాలు స్టీరింగుకు తగులుతోంది. ఇదేదో తేడాగా ఉందనిపించింది. కానీ నలభై ఏళ్ళు పని చేసిన మనిషికి సంతకం రాని నేనేం చెబుతాను? టీ ఇచ్చి పంపాను. నా తప్పు అక్కడే ఉంది.

మంగళవారం మా సందు చివరే రెండుసార్లు ఇంజను ఆగింది. మూడోసారి బండి ఎగిరి దూకింది. వదిన డాష్‌బోర్డు పట్టుకుని, "ఏటే గౌరీ, గుర్రం నాగ ఎగురుతాది?" అంది. కొత్తగా బిగించారు, అలవాటవుతుందన్నాను. నాకే నమ్మకం లేదు.

ఏడు నలభైకి రైలు పట్టాల మీది ఫ్లైఓవర్ ఎక్కాం. రెండో గేరులో యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తోంది, బండి మాత్రం నడిచే మనిషి వేగంతో పోతోంది. అద్దం దించాను. కొబ్బరిపీచు కాలుతున్న వాసన. వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. పక్క లారీదేమో అన్నాను. పక్కన లారీ లేదు.

ఎనిమిదికి ఇందా అనే పేట చేరాం. ఆ వేళ అక్కడ బజారు రోడ్డు మీదే ఉంటుంది. టోటోలనే బ్యాటరీ రిక్షాలు, బస్సులు, చేపల బుట్టలు. పది అడుగులు కదలడం, ఆగడం. కదిలిన ప్రతిసారీ కాలు ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఒక టోటో అతను పక్కగా వచ్చి, నువ్వు తోలేది బండా ఆవా దీదీ అని బెంగాలీలో అడిగాడు. అతని టోటోలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. నాది మామూలుగానే బొంగురు గొంతు, ఒక్క మాట అని ఉంటే తోక ముడిచేవాడు. అప్పటికి నా ధ్యాస అతని మీద లేదు. వదిన కాళ్ళ వైపు చూస్తున్నాను. చెప్పుల పట్టీ చుట్టూ వాపు పొంగి ఉంది.

ఎనిమిదీ పావుకు చౌరంగీ దాటాం. అక్కడ హైవేలు కలుస్తాయి, లారీల మధ్య దూరాలి. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఎడమ పక్కనే ఉండండి, తొందరపడొద్దు. అక్కణ్ణుంచి రోడ్డు బాగుంటుంది. నాకు మాత్రం నాలుగో గేరులోనూ చప్పుడే తప్ప వేగం రాలేదు.

ఎనిమిదీ ఇరవై ఐదుకు కాసాయ్ వంతెన మొదట్లో వాహనాలు ఆగిపోయి ఉన్నాయి. ఎత్తు మొదలయ్యే చోటే వరుసలో చివర ఆగాను. ముందు బస్సు కదిలింది. హ్యాండ్‌బ్రేకు వదిలి కాలు తీశాను. ఇంజను ఆగి బండి మూరెడు వెనక్కి జారింది. మళ్ళీ చేశాను, మళ్ళీ జారింది. అప్పుడే వెనక వచ్చి ఆగిన లారీ హారన్ కొట్టింది. మూడోసారి భయంతో గట్టిగా తొక్కేసరికి బానెట్ సందులోంచి సన్నగా పొగ వచ్చింది.

వదిన నా మోచెయ్యి పట్టుకుంది. "బండి తిప్పెయ్యే. ఇంటికెల్లిపోదుం. నా కోసం నువ్వు సచ్చిపోనక్కర్నేదు."

"నోరు ముయ్యి వదినా," అన్నాను. పెళ్ళయి వచ్చాక ఆవిడను అలా అనడం అదే మొదటిసారి.

లారీ డ్రైవరు దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. బిహారీ మనిషి, వాసన చూసి తల ఊపి, రోడ్డు పక్కన రేకుల షెడ్డు చూపించాడు. తన లారీని వెనక్కి తీసి చోటిచ్చాడు. బ్రేకు మీద కాలుంచి, అంగుళం అంగుళం వెనక్కి జార్చుకుంటూ ఆ షెడ్డు ముందు ఆపాను. టైము ఎనిమిదిన్నర.

బళ్ళు బాగుచేసే మిస్త్రీ అరవై ఏళ్ళవాడు, కళ్ళజోడు దారంతో కట్టుకున్నాడు. ముందు బానెట్ ఎత్తలేదు. తలుపు తెరిచి, వంగి, క్లచ్ పెడల్‌ను అరచేత్తో నొక్కాడు. బిగించినది రైల్వే మనిషేనా అని అడిగాడు. ఎలా తెలుసన్నాను. నెలకొకరు వస్తారట. రైలు పెట్టె కింద వదులు కనబడితే మీవాళ్ళకు చేతులు ఊరుకోవు, కారు క్లచ్ మాత్రం పూర్తిగా బిగిస్తే ఎప్పుడూ సగం తొక్కినట్టే ఉంటుంది, లోపలి ప్లేటు పట్టు లేక జారి జారి కాలిపోతుంది అని విడమరిచి చెప్పాడు. ఆఖరున ఒక్క మాట అన్నాడు: "ఢీలా రాఖ్తే హోబే, దీదీ." కాస్త వదులు ఉంచాలి అని.

తొమ్మిదింటికి ఆస్పత్రిలో ఉండాలని చెప్పాను. ప్లేటు పది నిమిషాలు చల్లారకపోతే వంతెన మధ్యలో ఆగిపోతుందన్నాడు. ఆ పది నిమిషాలూ నేను రోడ్డుకూ షెడ్డుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. వదిన తలుపు తెరుచుకుని, తడిగుడ్డతో పెదవులు అద్దుకుంటూ కూర్చుంది. నీళ్ళు తాగకూడదు కదా.

పని చేసింది అయిదు నిమిషాలు. కేబుల్ చివర రెండు నట్లుంటాయి. ఒకటి పట్టుకుని రెండోది వదులు చేయడమే. కొంచెం తిప్పడం, నన్ను తొక్కమనడం, మళ్ళీ తిప్పడం. పెడల్ వేలు మందం ఖాళీగా దిగి, ఆ తర్వాత బరువు తగిలే చోట ఆపి, రెండు నట్లూ ఒకదానికొకటి బిగించాడు. సీటు ఒక గాడి ముందుకు జరిపించాడు, మడమ నేల మీద ఆనాలని.

నేను బయలుదేరబోతే తాళం మీద చెయ్యి పెట్టాడు. హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకటో గేరులో కాలు మెల్లగా వదలమన్నాడు. సగం దాకా వచ్చేసరికి ఇంజను గొంతు తగ్గింది, బండి ముక్కు కాస్త పైకి లేచింది. అదిగో అక్కడ ఆగు, అదే పట్టే చోటు అన్నాడు. మూడుసార్లు చేయించాడు. వంద రూపాయలు తీసుకున్నాడు. అవసరం లేనప్పుడు పెడల్ మీద కాలు ఉంచొద్దు అని నాలుగుసార్లు చెప్పాడు.

ఎనిమిదీ యాభై రెండు. వంతెన ఎక్కాను. ఎత్తు మధ్యలో బస్సు ఆగింది, నేనూ ఆగాను. కాలు వదులుతూ, ఇంజను గొంతు తగ్గగానే అక్కడే నిలిపి, హ్యాండ్‌బ్రేకు దించాను. బండి జారలేదు. కింద కాసాయ్ ఇసుక కనబడిందో లేదో కూడా చూడలేదు.

తొమ్మిదీ పన్నెండుకు ఆస్పత్రి. వదిన చంకలో చెయ్యి వేసి దాదాపు ఎత్తుకుని తీసుకెళ్ళాను. ఆవిడ కుర్చీ మీద ఎవరిదో గళ్ళ దుప్పటి పరిచి ఉంది. ఎవరైనా రాకపోతే ఆ వంతు దొరుకుతుందని వేరే ఊరి నుంచి వచ్చిన ఒకామె పక్కనే నిలబడి ఉంది, ఆమె భర్త గోడ పక్క బల్ల మీద ఉన్నాడు. సిస్టర్ గడియారం చూసి, వంతు ఇంకా మాదేనని తల ఊపింది. భర్త కోసం పరిచిన ఆ దుప్పటిని ఆమె మడిచింది. మడుస్తున్నంతసేపూ నన్ను కాదు, వదిన కాళ్ళను చూసింది. మనం అందుకున్నది ఇంకొకరు ఎదురు చూసినదే అని అప్పుడు తెలిసింది. ఇప్పటికీ ఆ దుప్పటి కళ్ళముందు ఉంది.

మిషను మీద నాలుగు గంటలు. గేటు బయట ముడి, ఘుగ్నీ తిన్నాను. మరమరాలు, బఠాణీ కూర, ఇరవై రూపాయల్లో కడుపు నిండుతుంది. సింహాచలానికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "మా పెట్టెలకి వదులుంటే బ్రేకు పట్టదప్పా," అన్నాడు. ఇది పెట్టె కాదన్నాను. "తేడాగుందని ఆదోరమే సెప్పకపోయావా?" అన్నాడు.

ఒంటిగంట యాభైకి తిరుగు ప్రయాణం. వెళ్ళేటప్పటికంటే వచ్చేటప్పుడే జాగ్రత్త కావాలి. రక్తం కడిగిన మనిషికి చిన్న కుదుపు కూడా కడుపులో తిప్పుతుంది, ఒడిలో ప్లాస్టిక్ సంచి ఉంచండి. బయలుదేరే ముందు క్లచ్‌ను ఒకసారి చేత్తో నొక్కి చూసుకోండి. వేలు మందం ఖాళీ లేకపోతే ఎంత పెద్ద పనివాడు బిగించినా నోరు తెరిచి అడగండి. నేను అడగనందుకు ఒక మనిషి ఊపిరి నిలిపే వంతు ఇంకో మూడు నిమిషాల్లో చేజారిపోయేది. నాకు భయం పోయిందని చెప్పను. వంతెన కనబడగానే మడమ నేలకు సరిగ్గా ఆనించుకున్నాను.

మిడ్నాపూర్ వైపు ఎత్తు మీద మళ్ళీ లారీల వరుస. నాలుగుసార్లు ఆగాను, నాలుగుసార్లు కదిలాను. ప్రతిసారీ కదిలాక పక్కకు చూశాను. వదిన తల అద్దానికి ఆనించి, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. నాలుగోసారి కూడా ఆవిడకు మెలకువ రాలేదు.