రాయి మీద సన్నని అక్షరాలు

2022 వేసవి. అమలాపురంలో కోర్టుకి వెళ్లే దారిలో నా డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, సమాధి రాళ్లకి అక్షరాల నమూనాలు కంప్యూటర్లో తయారుచేయడం నా పని.

ఒకరోజు ఉప్పలగుప్తం నుంచి రూతమ్మగారు వచ్చేరు. రిటైరైన ఇంగ్లిష్ టీచరు. చనిపోయిన అక్క సమాధికి రాయి వేయించాలన్నారు. పేరు ఇంగ్లిషులో రాసి తెచ్చేరు: కట్టా సత్యవతి గ్రేస్ మాణిక్యమ్మ.

"రాయి వెడల్పు రెండడుగులేనండీ. ముందు మూడూ పొడి అక్షరాలు చేసేద్దామా?" అన్నాను.

"వద్దండీ. మా అక్క కూలికెళ్లి నన్ను చదివించింది. కూలీల హాజరు మస్తర్లో మాణిక్యం అని రాసుకునేవారు, అంతే. నాకు ఉద్యోగం వచ్చేక ఇంగ్లిష్ అక్షరాలు నేర్పేను. నోటుబుక్కు నిండా పూర్తిపేరే రాసుకునేది. అలాగే ఒకే వరసలో రావాలి."

పొడుగు పేరు చిన్న చోట ఇమడాలంటే మేం కండెన్స్‌డ్ సెరిఫ్ వాడతాం. కండెన్స్‌డ్ అంటే ఎత్తు తగ్గకుండా వెడల్పు తగ్గిన అక్షరం. సెరిఫ్ అంటే గీతల చివర ఉండే చిన్న పాదాలు. నా దగ్గరున్న వాటిలో ఒకటి చాలా నాజూకైనది. ఒక గీత లావు, పక్క గీత వెంట్రుకంత సన్నం. పత్రికల అట్టల మీద, మంచి పెళ్లి కార్డుల మీద హుందాగా ఉంటుంది. తెర మీద పేరంతా ఒక్క వరసలో ఇమిడి, చుట్టూ ద్రాక్షతీగ అంచుకి కూడా చోటు మిగిలింది.

"మా అక్కలాగే ఉందండీ, పొడుగ్గా, సన్నగా," అన్నారామె.

రాయి చెక్కే సూరిబాబు నమూనా చూసి, "ఈ సన్నగీతలు రాతిలో తేలవండీ," అన్నాడు. నేను వినలేదు.

రాయి పెట్టిన రోజు ప్రార్థనకి నన్నూ పిలిచేరు. పదడుగుల దూరం నుంచి చూస్తే, లావుగీతలే కనిపిస్తున్నాయి. ఎన్ అక్షరానికి నిలువుగీతలు రెండూ పోయి ఏటవాలు గీతొక్కటే మిగిలింది. ఎమ్ సగమే ఉంది. బంధువొకాయన పేరు పైకి చదవబోయి మధ్యలో ఆగిపోయేరు.

రూతమ్మగారు నావైపు తిరిగి, "దగ్గరికెళ్తే కనిపిస్తుందండీ. పర్లేదు," అన్నారు మెల్లిగా.

ఆవిడ కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"తప్పు నాదేనండీ. సూరిబాబు ముందే చెప్పేడు. మళ్లీ చేయిస్తాను," అన్నాను.

మర్నాడు ద్రాక్షతీగ తీసేసి, ఆ చోటంతా పేరుకిచ్చేను. ఇరుకు అక్షరమే, కానీ సన్నగీతకీ తగినంత మందం ఉన్న రకం ఎంచుకున్నాను. అక్షరాల మధ్య కాస్త ఎడం పెట్టేను. రాయంత సైజులో కాగితం మీద తీసి, షాపు గోడకి అంటించి, రూతమ్మగారిని రోడ్డుకి అవతల నిలబడి చదవమన్నాను.

ఆవిడ ఒక్కో మాటా ఆగి ఆగి, గట్టిగా చదివేరు. చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆయ్, ఇప్పుడు సరిపోయిందండీ."

సూరిబాబు రాయి వెనకవైపు పాలిష్ పట్టి కొత్తగా చెక్కేడు. నేను తప్పు చేయించిన వైపు సమాధి సిమెంటులోకి వెళ్లిపోయింది.

ఆ నాజూకు అక్షరాన్ని నేను వదులుకోలేదు. చేతిలో పట్టుకుని చదివే కాగితానికి ఇప్పటికీ అదే వాడతాను. రాయికైతే మాత్రం, అది ఎక్కడ నిలబడుతుంది, ఎంత దూరం నుంచి ఎవరు చదువుతారు అని ముందు అడుగుతాను. కాగితం గోడకి అంటించి చదివిస్తాను. వాళ్లు ఒక్క అక్షరం దగ్గర తడబడినా, నాకు ఎంత నచ్చినా సరే, ఆ రకం తీసేసి వేరేది పెడతాను.