కవరు మేడమ్ లెక్క

కాగితాల మీద ఆవిడ పేరు బారెడు పొడుగుంటుంది గాని, మా ల్యాబ్‌లో అందరికీ ఆవిడ కవరు మేడమ్. ఎలుకపిల్లల మెదళ్ళను వెంట్రుక కన్నా పలుచగా కోసి స్లైడ్ల మీద అతికించడం నా పని. ఏ స్లైడు ఏ ఎలుకదో తెలియకుండా అంకెలు వేసి, అసలు జాబితాను కవరులో పెట్టి అంటించి, నా సొరుగులో తాళం వేయాలి. మైక్రోస్కోప్ కింద కణాల మధ్య అతుకుల లెక్క పూర్తయ్యాకే కవరు చించడం.

"మనిషి కన్ను అంత పక్షపాతి ఇంకోటి లేదు నాయనా. దానికేదీ చెప్పకూడదు" అనేది. నాకు యాభై దాటినా ఆవిడకు నాయననే.

ఎదిగే మెదడులో ఒక నరకణం ఇంకో కణాన్ని ఎలా వెతికి పట్టుకుంటుంది, దానికి కబురెలా అందిస్తుంది, ఇదీ ఆవిడ ఇరవై ఆరేళ్ళ చదువు. ఆ కబురుకు అక్కరకొచ్చే ఒకే ఒక్క ప్రోటీన్ వెనకాల పడి జుట్టంతా నెరిసిపోయింది. పెళ్ళికి పిలిస్తే ఎలుకలు ఈనుతున్నాయని ఎగ్గొట్టే రకం.

ఆవిడ చెల్లెలి కూతురికి ఎనిమిదో నెల వయసులో ఫిట్స్ మొదలయ్యాయి. పరీక్షలు చేస్తే, పాప ఒంట్లో సరిగ్గా ఆ ప్రోటీనే తయారు కావడం లేదని తేలింది. చెల్లెలు ఏడుస్తూనే నవ్విందట.

"నీకు తెలిసిందే కదక్కా! ఇంక నాకు భయం లేదు" అందట.

ఆ మాట నాకు చెప్పిన రోజు మేడమ్ మధ్యాహ్నం దాకా కుర్చీలోంచి లేవలేదు.

తరువాత ఆరేళ్ళూ ఒక మందు చుట్టూ తిరిగాం. అదే లోపంతో పుట్టిన ఎలుకపిల్లల్లో సగానికి మందు, సగానికి ఉత్త నీళ్ళు. చివరి లెక్క తానే చేస్తానని పట్టుబట్టింది. పదకొండు రోజులు మైక్రోస్కోప్ మీద నుంచి తల ఎత్తలేదు. కవరు చించాం. మందు తాగిన మెదళ్ళలో కణాల మధ్య అతుకులు బాగా పెరిగాయి! ఏనాడూ తొందరపడని మనిషి, మరు నిమిషంలో చెల్లెలికి ఫోన్ చేసేసింది.

నేను మాత్రం స్లైడ్ల పెట్టె మళ్ళీ తెరిచాను. కొన్ని ముక్కలకు లేత పసుపు జీర ఉండడం కోసేటప్పుడే చూశాను. అప్పుడు పట్టించుకోలేదు. జాబితా పక్కన పెట్టి చూస్తే అవన్నీ మందు తాగినవే. రంగు చూస్తేనే ఏది మందుదో తెలిసిపోతుంటే ఇక అంకెలు వేసి ఏం లాభం? నోరు మూసుకుని ఉంటే నా సొమ్మేం పోయేదని ఇప్పటికీ తిట్టుకుంటాను. అయినా చెప్పాను. ఆవిడ స్లైడును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది.

"నా కన్ను కనిపెట్టేసింది నాయనా. నాకే తెలీలేదు" అంది.

ఫొటోలు తీసి, వాటిలో రంగు తీసేసి, పక్క ల్యాబ్ ఆయన చేత మళ్ళీ లెక్కపెట్టించాం. మందు తాగినవాటికీ నీళ్ళు తాగినవాటికీ ఆవగింజంత తేడా కూడా లేదు.

చెల్లెలు పాపను భుజాన వేసుకుని ల్యాబ్‌కే వచ్చింది. ఏడేళ్ళ పిల్లకు ఇంకా మెడ నిలవదు. మేడమ్ గుండె రాయి చేసుకుని, పసుపు జీరతో సహా అంతా చెప్పింది. చెల్లెలు అడ్డు రాకుండా విన్నది.

"రెండోసారి లెక్కపెట్టిందెవరు?"

"పక్క ల్యాబ్ ఆయన."

"ఆయనకు మన పిల్ల తెలుసా?"

"తెలీదు. తెలియని వాళ్ళే లెక్కపెట్టాలి."

"కాదక్కా, మళ్ళీ నువ్వే లెక్కపెట్టు" అంటూ చెల్లెలు మైక్రోస్కోప్ ముందున్న కుర్చీని ఒంటిచేత్తో లాగింది.

మేడమ్ నా వైపు చూసింది. ఆవిడ కూర్చుంది. నేను స్లైడ్ల పెట్టె తెచ్చి పక్కన పెట్టాను.