కచేరికి పెట్టిన దీర్ఘం

యాకయ్య తాత కోప్పడి ఉంటే నిలబడి తిట్లు తినేవాణ్ని. ఆయన కోప్పడలేదు. మైకు పట్టుకొని, అంతమంది ముందు, "గానం అంటే ఏంది బిడ్డా?" అని అడిగాడు. ఆ ప్రశ్న విన్న దగ్గర్నుంచి నాకు తల దిమ్మెక్కే ఉంది.

నా పేరు సంజీవ. తొర్రూరులో బట్టల దుకాణం నాది. ఊరి పాత గుర్తులు కాపాడాలని పెట్టుకున్న పట్టణ సంఘానికి కార్యదర్శిని కూడా. చెప్పవలసింది యాకయ్య గురించే గానీ, నేను చేసిన తెలివితక్కువ పని చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను.

యాకయ్యకు ఎనభై ఐదేళ్లుంటాయి. వయసులో ఉండగా మార్కెట్లో హమాలీ. బస్తాలు మోసీ మోసీ మెడ వెనక కాయ కాసింది. మోకాళ్లు అరిగాక, ఎరువుల గోదాముగా వాడుతున్న పాత కచేరికి కాపలా ఉన్నాడు. గోదాము ఖాళీ అయింది, జీతమిచ్చేవాళ్లు వెళ్లిపోయారు, ఆయన మాత్రం కదల్లేదు. పొద్దున్నే వచ్చి వరండా ఊడ్చి, మెట్ల మీద కూర్చొని చుట్ట కాల్చుకుంటాడు. మూడో స్తంభం దగ్గర మాత్రం కాలు పెట్టడు. దూరంగా నిలబడి చెయ్యి చాచి ఊడుస్తాడు. మోకాళ్ల నొప్పేమో అనుకున్నాం. ఎవరమూ అడగలేదు.

ఆ భవనాన్ని కూలగొట్టి దుకాణాలు కడతామంటే రెండేళ్లు కొట్లాడి ఆపింది మా సంఘమే. సున్నం వేయించాం. ఊరి పెద్దల జ్ఞాపకాలు రాసుకున్నాం. పెద్దలంటే మాకు తోచింది రిటైరైన హెడ్మాస్టరు, ఇద్దరు వ్యాపారులు, ఒక వకీలు. రోజూ మా ముందే చీపురు పట్టుకున్న మనిషి మాకు పెద్దమనిషిగా కనపడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

భవనం ముందు చరిత్ర చెక్కించిన బండ పెట్టాలనుకున్నాం. సినిమాల్లో ఏళ్ల తరబడి నవ్వులపాలైన యాస కదా మనది, రాతి మీద 'మంచి తెలుగు' ఉండాలని నాకే పట్టింది. ఇలాంటివి అందంగా రాసిపెట్టే ఒకాయనకు హైదరాబాద్ ఫోన్ చేసి, మా పాత కచేరి గురించి నాలుగు ముక్కలు రాయమన్నాను. ఆయన పంపింది ఇది: "ఒకప్పుడు ఈ ప్రాంగణం కచేరీలతో కళకళలాడేది. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు తరలివచ్చి గానమాధుర్యంలో ఓలలాడేవారు."

చదివి మురిసిపోయాను. బండ చెక్కేవాళ్లకు పంపిందీ నేనే.

మా తాత "కచేరికి పోయొస్త" అని రుమాలు చుట్టుకొని బయల్దేరితే ఇంట్లో ఆడవాళ్లు ఆయన తిరిగొచ్చేదాకా అన్నం ముట్టేవారు కాదట. కచేరి అంటే దొర కూర్చొని హుకుం చేసే చోటని ఈ గడ్డ మీద పుట్టిన నాకు తెలియదా? తెలుసు. కానీ 'రి'కి దీర్ఘం తగిలేసరికి నా చెవి పరాయిదైపోయింది. టీవీలో వినే సంగీత కచేరీయే కళ్ల ముందు మెదిలింది. దొరకు పాటలంటే ఇష్టమేమో అని కూడా అనుకున్నాను! ఇంత మతిలేనితనం మనిషికి ఎట్లా వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు.

బండ నిలబెట్టిన రోజు యాకయ్య దగ్గరికొచ్చాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు.

"సారూ, గీడ జరిగిందంత రాశిన్రా?"

"అంత రాసినం తాతా. మంచిగ రాసినం."

భుజం మీది తువ్వాల తీసి బండ తుడిచాడు. ఆ తర్వాత రెండు నెలలు రోజూ తుడిచాడు. బంతిపూలు దొరికితే తెచ్చి పెట్టాడు. ఒకరోజు బండకు దండం పెడుతుంటే చూసి, మా సంఘమంటే ఎంత గౌరవమో అని పొంగిపోయాను.

మొన్న పట్టణ దినోత్సవం నాడు, పదో తరగతి చదివే గీతాంజలి బండ మీది రాత మైకులో చదివింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత అందరిలోకీ పెద్దవాడని యాకయ్యకు శాలువా కప్పి మైకు ఇచ్చాం. అప్పుడే ఆ అమ్మాయి వైపు తిరిగి గానమంటే ఏమిటని అడిగాడు.

"పాట తాతా. గీడ పాటలు పాడుతుంటే జనం సంబురపడెటోళ్లని రాశిన్రు" అంది గీతాంజలి.

శాలువా భుజం మీంచి జారిపోయింది. ఆయన పట్టుకోలేదు.

"పాటనా? గీడ పాటెవలు పాడిన్రు బిడ్డా? మా నాయిన మొత్తుకున్నడు. వెట్టికి పోలేదని గా మూడో కంబం కాడ వంగవెట్టి ఈపు మీద బండ పెట్టిన్రు. నేను గా మెట్ల మీద కూసోని సూసిన. ఆరేండ్ల పోరన్ని. పొద్దుగూకెదాంక దించలె. దించినంక గూడ మా నాయిన నడుము లేవలె. సచ్చెదాంక వంగే నడిచిండు."

వెనక నుంచి మా సంఘం మనిషే ఒకడు "మైకు తీసుకోన్రి" అని గొణిగాడు. "నోర్ముయ్యి!" అని అరిచాను. ఆ అరుపు నా మీద నేను అరుచుకున్నదే.

యాకయ్య నా వైపు చూశాడు. "గా బండ మీద మా నాయిన ముచ్చట ఉన్నదనుకోని రోజు దండం పెట్టిన సారూ" అన్నాడు. అంతే. మైకు నా చేతిలో పెట్టి చీపురున్న మూలకు వెళ్లిపోయాడు.

మర్నాడే బండ పీకడానికి దిగాం. ఐదుగురం పట్టినా మొదట లేవలేదు. యాకయ్య పక్కన నిలబడి, "బరువున్నదా సారూ?" అన్నాడు. దెప్పిపొడుపు కాదు, ఊరికే అడిగాడు.

కొత్త బండకు మాటలు ఆయన చెప్పాడు, వాళ్ల నాన్న పేరుతో సహా ఒక్క అక్షరం దిద్దకుండా చెక్కించాను. "గిది కచేరి. గీడ ఉప్పలయ్య ఈపు మీద బండ పెట్టిన్రు." అది నిలబెట్టిన పొద్దున, "తాతా, సదువుత ఇను" అంటూ ముందుకు వెళ్లాను.

చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. బడికి పోతున్న గీతాంజలిని కేకేసి పిలిచాడు.

"సారు వద్దు. నువ్వు సదువు బిడ్డా."

ఆ పిల్ల చదివింది. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి కూడా విన్నాకే భుజం మీది తువ్వాల తీశాడు.